ట్రాయ్ రాళ్ళ వయసు చెప్పిన బుల్లి పళ్ళు

మా ట్రాయ్ రాళ్ళు ఒకప్పటి సముద్రగర్భపు బురద అంటే మా పిల్లలు నమ్మరు. ఇక్కడి రెన్సెలేర్ బడిలో 1826లో చదువు ముగించిన ఎబెనీజర్ ఎమన్స్, ఇవి చాలా పాతవని 1842లో రాశాడు. అదే బడిలో చదివిన జేమ్స్ హాల్ ఒప్పుకోలేదు. ఎమన్స్ 1863లో ఉత్తర కెరొలైనాలో కన్నుమూశాడు. పాపం, 1871లో ఎస్. డబ్ల్యూ. ఫోర్డ్ ట్రాయ్ దగ్గరే కేంబ్రియన్ శిలాజాలున్నాయని ప్రకటించడం చూడలేదు.

తర్వాత కోనోడాంట్ల వంతు. ఇవి ఆవగింజంత పళ్ళు. సున్నపురాయిని వెనిగర్‌లో ఉండే ఆమ్లంలోనే నానబెడితే రాయి కరిగి ఇవి మిగులుతాయి. ఆ జీవులు త్వరత్వరగా మారాయి కనుక, పన్ను చూస్తే పొర కాలం తెలుస్తుంది. 1976లో ఎడ్ లాండింగ్ తూర్పు న్యూయార్క్ టకోనిక్ పొరలకు ఇలాగే వరస కట్టారు. అవి ఆర్డొవిషియన్ కాలానివి. అంటే ఎమన్స్ మాట సగమే నిజం.