చక్రాల అలైన్‌మెంట్: షాపులో ఏం చేస్తారు, మనం ఏం చూసుకోవాలి

ఈద్‌కో, బంధువుల ఇంట్లో నికాహ్‌కో ఇంటిల్లిపాదీ ఒకే కారులో బయల్దేరడం చాలా కుటుంబాల్లో మామూలే. బయల్దేరే ముందు పెట్రోలు, గాలి చూసుకుంటారు. టైర్లు లోపలి అంచున ఎలా అరిగాయో మాత్రం వంగి చూసేవాళ్లు తక్కువ. బయటి నుంచి గాడులు బాగానే కనిపిస్తాయి, లోపలి వైపు మాత్రం తీగలు బయటపడేదాకా అరిగిపోయి ఉంటుంది. హైవే మీద ఎండలో, ఫుల్ లోడుతో అలాంటి టైరు పేలితే బండి అదుపులో ఉండటం కష్టం. ఇలాంటి అరుగుదలకు ఎక్కువసార్లు కారణం చక్రాల అలైన్‌మెంట్ తప్పడమే.

అలైన్‌మెంట్ అంటే ఏమిటి?

కారు నాలుగు చక్రాలూ కంపెనీ చెప్పిన కోణాల్లో ఉండేలా సరిచేయడమే అలైన్‌మెంట్. ఇందులో ముఖ్యమైన కోణాలు మూడు.

టో: పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాల ముందు భాగాలు లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్, బయటికి తిరిగి ఉంటే టో-అవుట్. పాదాలు లోపలికి పెట్టి నడవడం, బయటికి పెట్టి నడవడం లాంటిదే ఇది. టైర్లను త్వరగా తినేసేది ఇదే. ఒక చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, ప్రతి కిలోమీటరుకు దాదాపు 9 మీటర్లు రోడ్డు మీద అడ్డంగా రాసుకుంటూ పోతున్నట్టు లెక్క. హైదరాబాద్ నుంచి కర్నూలుకు 200 కిలోమీటర్ల పైనే. అంటే ఒక్క ప్రయాణంలోనే ఆ టైరు కిలోమీటరున్నరకు పైగా అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు.

క్యాంబర్: కారుకు ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం. లోపలికి ఎక్కువ వాలితే లోపలి అంచు, బయటికి వాలితే బయటి అంచు అరుగుతుంది.

క్యాస్టర్: సైకిల్ ముందు ఫోర్క్ కాస్త వాలుగా ఉంటుంది కదా, అలాంటి వాలు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడానికి ఇది సాయపడుతుంది. రెండు వైపులా తేడా వస్తే బండి ఒక పక్కకు లాగుతుంది.

మన దగ్గర ఎక్కువగా తిరిగే చిన్న కార్లలో మామూలుగా సరిచేయగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ తప్పాయంటే స్ట్రట్టో, కంట్రోల్ ఆర్మో వంగిందని, బుష్‌లు పోయాయని అనుమానించాలి. అప్పుడు మెషీన్ మీద తిప్పి లాభం లేదు, ఆ పార్టు మార్చాల్సిందే.

ఎప్పుడు చేయించాలి?

మాన్యువల్‌లో రాసిన దూరానికి చేయించాలి. మన రోడ్లకు 5,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి చూపించుకోవడం మంచిది. పెద్ద గుంతలో గట్టిగా పడ్డా, చక్రం డివైడర్‌కు తగిలినా, కొత్త టైర్లు వేసినా, టైరాడ్ ఎండ్ లాంటి స్టీరింగ్ పార్టులు, సస్పెన్షన్ పార్టులు మార్చినా కిలోమీటర్లతో పని లేదు, వెంటనే చేయించాలి.

గుర్తులు ఇవి: తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ వంకరగా ఉండటం, బండి ఒక పక్కకు లాగటం, టైరు ఒక అంచే అరగటం. టైరు మీద చెయ్యి అడ్డంగా రాస్తే ఒక దిశలో నున్నగా, వెనక్కి రాస్తే రంపం పళ్లలా గరుగ్గా తగిలితే అది టో తప్పిన గుర్తు.

అలైన్‌మెంట్ కానివి

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 80 దాటగానే స్టీరింగ్ వణికితే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్ సమస్య. చక్రానికి చిన్న బరువులు అతికించి సరిచేస్తారు. అలైన్‌మెంట్ వేరు, బ్యాలెన్సింగ్ వేరు. రెండు అంచులూ సమానంగా అరిగితే గాలి తక్కువైందని, నడిమధ్య అరిగితే గాలి ఎక్కువైందని అర్థం.

పక్కకు లాగడానికీ వేరే కారణాలుంటాయి. ఒక టైరులో గాలి తగ్గినా, ఒక చక్రానికి బ్రేక్ పట్టేసినా బండి లాగుతుంది. ముందు రెండు టైర్లనూ ఆ పక్కవి ఈ పక్కకు మార్చి నడిపి చూస్తే, లాగే దిక్కు కూడా మారితే లోపం టైరులోనే ఉంది. (ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లకు ఇది పనికిరాదు.) ఇంకొకటి, వాన నీళ్లు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా వేస్తారు. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి బండి కొద్దిగా ఎడమకు జారడం లోపం కాదు.

షాపులో ఏం జరగాలి?

మంచి ఉస్తాద్ కారును నేరుగా మెషీన్ ఎక్కించడు. ముందు నాలుగు టైర్లలో గాలి సరిచేస్తాడు. తర్వాత బండిని లేపి, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపుతాడు. లూజుగా కదిలితే టైరాడ్ ఎండ్ పోయి ఉండొచ్చు. పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే బేరింగో, బాల్ జాయింటో చూడాలి. లూజు ఉండగా అలైన్‌మెంట్ చేస్తే మెషీన్ మీద రీడింగ్ సరిగ్గానే కనిపిస్తుంది, మొదటి గుంత దగ్గరే మళ్లీ తప్పుతుంది.

ఆ తర్వాత చక్రాలకు క్లాంపులు బిగించి, సెన్సర్లు లేదా గుర్తు పలకలు పెడతారు. 3డీ మెషీన్ అయితే ఎదురుగా ఉన్న కెమెరాలు ఆ పలకలను చూస్తాయి. రిమ్ వంకర లెక్కలోకి రాకుండా బండిని కాస్త ముందుకూ వెనక్కూ కదుపుతారు. మెషీన్‌లో కారు మోడల్ ఎంచుకుంటారు. ఇది తప్పు ఎంచుకుంటే తర్వాత చేసిందంతా తప్పే. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి క్యాస్టర్ కొలుస్తారు. తర్వాత స్టీరింగ్‌ను నిటారుగా పెట్టి లాక్ చేసి, కింద టైరాడ్ లాక్ నట్ వదులు చేసి, రీడింగ్ సరిపడేదాకా తిప్పి, మళ్లీ నట్ బిగిస్తారు.

స్టీరింగ్ వంకర పోగొట్టడానికి స్టీరింగ్ చక్రాన్నే పీకి తిప్పి పెడతానంటే ఒప్పుకోవద్దు. రెండు వైపులా టైరాడ్లు తిప్పి సరిచేయడమే పద్ధతి. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలో అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను కూడా స్కానర్‌తో సెట్ చేయాల్సి రావచ్చు. డాష్‌బోర్డ్‌లో కొత్తగా లైటు వెలిగితే అడగాలి.

ఏం అడగాలి?

"ఉస్తాద్, ముందు రీడింగ్, తర్వాత రీడింగ్ రెండూ ప్రింట్ ఇవ్వండి" అని పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. ఆ కాగితం మీద మామూలుగా ఎర్ర అంకెలు పరిమితి దాటినవి, పచ్చవి సరైనవి. కొలతలు డిగ్రీల్లో, నిమిషాల్లో ఉంటాయి. 60 నిమిషాలు ఒక డిగ్రీ. తర్వాత రీడింగ్‌లో టో ఎర్రగానే ఉంటే పని పూర్తికానట్టే. క్యాంబర్ ఎర్రగా మిగిలితే ఏ పార్టు వల్లో చెప్పించుకోవాలి. పార్టు మార్చాలంటే పాత దానిలో లూజు ఎక్కడుందో చూపించమనడంలో తప్పు లేదు. నిజాయితీగా పనిచేసేవాళ్లు చూపిస్తారు.

డబ్బులిచ్చే ముందు షాపు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తిన్నటి రోడ్డు మీద ఒక రౌండు వేయాలి. చేతులు వదలకుండా, స్టీరింగ్‌ను తేలిగ్గా పట్టుకుని చూస్తే చాలు. స్టీరింగ్ నిటారుగా ఉందా, బండి తిన్నగా పోతోందా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఒక అంచు ఇప్పటికే పోయిన టైరును అలైన్‌మెంట్ బాగుచేయదు. గాడుల మధ్య ఉండే చిన్న దిమ్మల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు ఎక్కడైనా వాటి మట్టానికి వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, మొబైల్ టార్చ్ వేస్తే ముందు టైర్ల లోపలి అంచు ఇంటి దగ్గరే కనిపిస్తుంది. ప్రింట్ కాగితం మీద తేదీ, కిలోమీటర్లు రాసి డాష్‌బోర్డ్ అరలో పెట్టుకుంటే, వచ్చేసారి ఏ అంకె ఎంత మారిందో పోల్చుకోవచ్చు. ప్రతిసారీ ఒకే చక్రం తప్పుతుంటే ఆ వైపు పార్టు ఏదో అరుగుతోందన్నమాట. పిల్లాపాపలతో దూర ప్రయాణం పెట్టుకునే ముందే ఆ సంగతి తేల్చుకోవాలి.