పీపా ఫ్లాష్ నుంచి చేతి స్ట్రోబ్ దాకా

సముద్రం అడుగున ఫోటో కోసం వెలిగించిన తొలి ఫ్లాష్‌లలో ఒకటి ఇలా ఉండేది. 200 లీటర్ల చెక్క పీపా, దాని నిండా గాలి. పీపా తలమీద గాజు గుమ్మటం, లోపల వెలుగుతున్న స్పిరిట్ దీపం. రబ్బరు బుడ్డిని నొక్కితే మెగ్నీషియం పొడి మంటమీదికి ఎగిరి భగ్గుమనేది. దక్షిణ ఫ్రాన్సులో బన్యూల్స్ అనే ఊళ్లో, ఆరాగో ప్రయోగశాలలో పనిచేసే లూయీ బూటాన్ అనే జీవశాస్త్రవేత్త ఈ సరంజామానంతా నీళ్లలోకి దింపించాడు.

నేను విశాఖలో ఫోటో స్టూడియో నడుపుతాను. వీలు చిక్కినప్పుడల్లా రుషికొండ దగ్గర నీళ్లలోకి దిగుతాను. స్కూబా కొత్తగా నేర్చుకుని, అండమాన్ ప్రయాణం పెట్టుకుని, కాంపాక్ట్ కెమెరా చేత్తో పట్టుకొచ్చి "మాస్టారూ, తక్కువలో మంచి స్ట్రోబ్ ఏదండీ?" అని అడిగే కుర్రాళ్లకి ముందు ఈ పీపా కథే చెబుతాను. స్ట్రోబ్ అంటే నీళ్లలో వాడే ఫ్లాష్. వాళ్లు మోడల్ నంబరు కోసం ఎదురుచూస్తుంటారు. చూడనీ.

బూటాన్ 1893లో మొదలుపెట్టినప్పుడు ఎండ వెలుతురే ఆధారం. తలకి లోహపు టోపీ, ఒంటికి బరువైన డ్రెస్సు వేసుకుని అడుగున నిలబడేవాడు. కెమెరా పెట్టె నమూనా సోదరుడు ఆగస్ట్‌ది. కొన్ని ఫోటోలకి అరగంట దాకా ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సి వచ్చేది. అరగంట కదలకుండా ఏ చేప నిలబడుతుంది? అందుకే వెలుగును తానే పట్టుకెళ్లాలనుకున్నాడు. షోఫూర్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు గాజు బుడ్డిలో ఆక్సిజన్ నింపి, అందులో మెగ్నీషియం తీగ పెట్టి మండించే ఏర్పాటు చేశాడు. అది ఒకలా మండేది కాదు, గాజు పగిలిపోయేది. అప్పుడు వచ్చింది పీపా. 1899 నాటికి బూటాన్ ఆర్క్ దీపాలు కూడా దింపాడు. ఇంత బరువు, ఇంత ఖర్చు, ఇంత ప్రమాదం, చివరికి దక్కింది నలుపు తెలుపు ఫోటోలు.

రంగు సంగతి తేలడానికి ఇంకో పాతికేళ్ల పైన పట్టింది. నీళ్లు ముందుగా ఎరుపును మింగేస్తాయి. అయిదు మీటర్ల లోతుకే ఎరుపు వాడిపోతుంది. పది మీటర్లు దాటితే ఎర్రచేప కూడా బూడిద రంగులోనే కనిపిస్తుంది. పోయిన రంగు తిరిగి రావాలంటే తెల్లని వెలుగు దగ్గర్నుంచి పడాలి. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర డ్రై టార్టూగాస్ దీవుల్లో విలియం లాంగ్లీ అనే శాస్త్రవేత్త, నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఫోటోగ్రాఫర్ చార్లెస్ మార్టిన్ కలిసి ఈ పని పట్టారు. వాళ్ల చేతిలో ఉన్నవి ఆటోక్రోమ్ అనే రంగు ఫోటో ప్లేట్లు, వెలుగు చాలా ఎక్కువ కావలసిన సరుకు. అందుకని నీటిమీద తెప్ప వేసి, దానిపై రిఫ్లెక్టర్ కింద మెగ్నీషియం పొడి పోశారు. అడుగున షట్టర్ పడగానే పైన పొడి అంటుకునే ఏర్పాటు. ఓసారి ఆ పొడి ముందే పేలి లాంగ్లీకి ఒళ్లు కాలింది. అయినా పని ఆగలేదు. 1927 జనవరి సంచికలో హాగ్‌ఫిష్ అనే చేప రంగుల్లో అచ్చయింది. సముద్రం లోపల తీసిన తొలి రంగు ఫోటోల్లో అదొకటి.

ఆ తరవాత బల్బు ఫ్లాష్‌లు వచ్చాయి, ఒక్కో ఫోటోకి ఒక్కో బల్బు ఖర్చు. ఆ బాధ తప్పించింది ఎలక్ట్రానిక్ ఫ్లాష్. దానికి పేరు తెచ్చిన ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1953 నుంచి ఫ్రెంచ్ సముద్ర పరిశోధకుడు కూస్టో బృందంతో ఆయన కాలిప్సో నౌకపై పనిచేశాడు. అక్కడి సిబ్బంది ఎడ్జర్టన్‌ని 'పపా ఫ్లాష్' అనేవాళ్లు. కూస్టో కోసం జాన్ ద వూటర్స్ రూపొందించిన నీటి అడుగు కెమెరాయే 1963లో నికాన్ చేతిలో నికోనోస్ అయింది. 1984 నాటి నికోనోస్-5, ఫ్లాష్ వెలుగును తనే కొలిచి సరిపడగానే ఆపేది. బాగా డబ్బున్నవాళ్ల వ్యవహారం. మా స్టూడియో అప్పట్లో దాని కేటలాగ్ చూసే భాగ్యానికి కూడా నోచుకోలేదు.

సామాన్యుడి వంతు డిజిటల్ కాంపాక్ట్‌తో వచ్చింది. కెమెరా చవక, దాన్ని తడవకుండా కాపాడే పెట్టె, అంటే హౌసింగ్, చవక. దాంతోపాటే కొత్త తలనొప్పి. కాంపాక్ట్‌కి బయటి ఫ్లాష్ తగిలించే హాట్ షూ సాధారణంగా ఉండదు. కెమెరా ఫ్లాష్ వెలుగు చూసి స్ట్రోబ్ వెలగాలి. కానీ డిజిటల్ కెమెరా అసలు ఫ్లాష్‌కి ముందు కొలత కోసం ఓ చిన్న మెరుపు, ప్రీ-ఫ్లాష్, విసురుతుంది. పాత స్లేవ్ స్ట్రోబ్ ఆ మొదటి మెరుపుకే తన వెలుగంతా కక్కేసి, షట్టర్ తెరుచుకునేసరికి ఖాళీగా కూర్చునేది. ఫోటో నల్లగా వచ్చేది. జపాన్ కంపెనీలు ఇనాన్, సీ అండ్ సీ దీన్ని ఫైబర్ కేబుల్‌తో సాధించాయి: కెమెరా ఫ్లాష్ ఎప్పుడు వెలిగితే అప్పుడు, ఎంతసేపు వెలిగితే అంతసేపు స్ట్రోబ్ అనుకరిస్తుంది. ఇనాన్ ఎస్-2000, సీ అండ్ సీ వైఎస్-01 ఈ కోవలోవే. రెండూ నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తాయి, చేతిలో ఇమిడిపోతాయి.

ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె గైడ్ నంబర్. వైఎస్-01కి అది గాలిలో 20. నీళ్లలో అది సుమారు మూడోవంతుకి పడిపోతుంది. అంటే మీటరు లోపు వస్తువులకే దాని ప్రతాపం. ఇంకా పవర్ ఉన్నది కొంటే? దూరం పెరిగితే రంగు మళ్లీ నీళ్లకే పోతుంది. అందుకే పవర్ కోసం డబ్బు పోయకండి. ఆ డబ్బు స్ట్రోబ్‌ని కెమెరాకి దూరంగా పట్టి ఉంచే ఆర్మ్‌కి పెట్టండి. లెన్స్ పక్కనే వెలిగే ఫ్లాష్ నీటిలోని నలుసులన్నిటినీ తెల్లచుక్కలుగా చూపిస్తుంది, పొగమంచులో అరకు ఘాట్ రోడ్డుమీద హైబీమ్ వేసినట్టు. మా విశాఖ నీళ్లు అండమాన్ అంత తేటవి కావు కనక ఇది ఇక్కడ ఇంకా ముఖ్యం. స్ట్రోబ్‌ని ఆర్మ్‌పై పక్కకి జరిపి, కొద్దిగా బయటికి తిప్పి, వెలుగు అంచు మాత్రమే చేపను తాకేలా పెట్టాలి.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వెనకాడకండి, కానీ సెల్లుల గది మూత తీసి చూశాకే డబ్బు ఇవ్వండి. స్ప్రింగుల మీద ఆకుపచ్చ చిలుము ఉంటే ఉప్పునీరు దూరిందన్నమాట. మూత చుట్టూ నీళ్లు రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్‌ని వేళ్లమధ్య తిప్పి చూడండి: చీలిక, తల వెంట్రుక, ఇసుక రేణువు, ఏదున్నా నీళ్లు లోపలికొస్తాయి. కొత్త ఓ-రింగ్, సిలికాన్ గ్రీజు కొనుక్కోవడానికి పెద్దగా ఖర్చు కాదు. తరవాత మీ కెమెరా హౌసింగ్‌కే కేబుల్ తగిలించి, మాన్యువల్‌లోనూ ఆటోలోనూ రెండేసి ఫోటోలు అక్కడికక్కడే తీసి చూడండి. ప్రీ-ఫ్లాష్‌కి తడబడే స్ట్రోబ్ అయితే ఎంత చవకైనా వద్దని తిరిగి ఇచ్చేయండి.