ముజఫర్ జంగ్: రెండు నెలల నిజాం

1748లో నిజాం ఉల్ ముల్క్ బుర్హాన్‌పూర్‌లో చనిపోగానే దక్కన్ సుబా కోసం సొంత ఇంట్లోనే యుద్ధం మొదలైంది. రెండో కొడుకు నాసర్ జంగ్ ఖజానానూ సైన్యాన్నీ చేజిక్కించుకున్నాడు. తాత సుబేదారీ తనకే ఇచ్చాడంటూ కూతురి కొడుకు ముజఫర్ జంగ్ ఎదురు తిరిగాడు. ఆర్కాటు నవాబు గద్దె మీద కన్నేసిన చందా సాహెబు, పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే అతని పక్షం చేరారు. 1749 ఆగస్టులో అంబూరు దగ్గర ఈ ముగ్గురి సేనలు ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్‌ను చంపాయి. మరుసటి ఏడు నాసర్ జంగ్ మహాసైన్యంతో దక్షిణానికి దిగేసరికి ముజఫర్ లొంగిపోయి ఖైదీ అయ్యాడు.

బందరు, యానాంలలోని ఫ్రెంచి వర్తక స్థావరాలను నాసర్ జంగ్ స్వాధీనం చేసుకున్నాడు. డూప్లే ఊరుకోలేదు. ఓడల మీద దళాన్ని పంపి, 1750 జులైలో బందరునే ఆక్రమించాడు. అద్దకం బట్టలకు పేరుమోసిన ఆ రేవు అప్పటి కృష్ణా డెల్టాకు సముద్రద్వారం.

ఆ డిసెంబరులో నాసర్ జంగ్‌ను అతని శిబిరంలోని పఠాను నవాబులే కాల్చి చంపారు. ఖైదులో ఉన్న ముజఫర్ ఆ రోజే సుబేదారు అయ్యాడు. సాయానికి ప్రతిఫలంగా బందరును ఫ్రెంచివారికి రాసిచ్చాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ దళం తోడు రాగా హైదరాబాదుకు బయలుదేరాడు. ప్రతిఫలాల పంపకంలో అసంతృప్తి చెందిన ఆ పఠాను నవాబులే కడప సీమలో తిరగబడ్డారు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి ప్రాంతంలో జరిగిన పోరులో ముజఫర్ చనిపోయాడు. సుబేదారుగా అతను కృష్ణా తీరం చూడనే లేదు. అయినా అతని సంతకం ఈ డెల్టా చరిత్రను మలుపు తిప్పింది.

బుస్సీ వెంటనే నాసర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. 1753లో సైన్యం జీతాల కింద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లనే నాలుగు సీమలను పుచ్చుకున్నాడు. బెజవాడ కొండపల్లి సర్కారులోనిదే. జీతం బాకీకి ఒక సీమ మొత్తాన్ని అప్పగించడమంటే రైతు శిస్తు విదేశీ కంపెనీ చేతిలో పడటమే.

1758లో బుస్సీని ఫ్రెంచి సేనాని లాలీ వెనక్కి పిలిపించాడు. ఆ డిసెంబరులో ఇంగ్లీషు కర్నలు ఫోర్డ్ విజయనగరం రాజు ఆనంద గజపతితో కలిసి చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో బందరు కోటను రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాడు. ఫ్రెంచివారిని ఆదుకోవడానికి బయలుదేరిన సలాబత్ జంగ్ ఇక చేసేది లేక మే నెలలో బందరునూ దాని చుట్టుపక్కల సీమలనూ ఇంగ్లీషువారికి ఇస్తూ ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత తమ్ముడు నిజాం అలీ అతన్ని ఖైదు చేసి తానే సుబేదారు అయ్యాడు. 1766లో ఇంగ్లీషువారు కొండపల్లి కోటను గెలుచుకున్నారు. ఆ నవంబరులో కుదిరిన సంధితో సర్కార్లను వారికి వదిలినదీ ఈ నిజాం అలీయే.