మిశ్రమ లెక్కలు: శాతాలను కూడరాదు, పదార్థాన్ని కూడవలెను

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, గోదావరి ఒడ్డున ఉన్న బాబ్లీ వంటి సరిహద్దు గ్రామాలలో పిల్లలకు లెక్కలు రెండు భాషలలో వినబడును. ఇంట "నూటికి ఇంత" అన్నదే మరాఠీ బడిలో "శేకడా" అగును, "టక్కే" అగును. తెలుగు పుస్తకంలోని చరరాశి మరాఠీ పుస్తకంలో "చల". బీజగణితం, సమీకరణం అన్న మాటలు మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. భాష ఏదైనను పదవ తరగతి దాటిన వారిని కూడ తడబడజేయునవి శాతాల మిశ్రమ లెక్కలు. ఆ తడబాటుకు కారణం సాధారణంగా బీజగణితం కాదు. శాతం ఒక పరిమాణం కాదనియు, అది ఒక పరిమాణంలో భాగమనియు మరచుటయే కారణం.

శాతం అనగానే "దేనిలో?" అని అడుగవలెను

ఇందుకు బాబ్లీ ఆనకట్టయే తగిన ఉదాహరణ. దాని నీటి నిల్వ సామర్థ్యం 2.74 టీఎంసీలు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన దావాపై సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పినది. ఏటా జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచవలెననియు, మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని దిగువకు వదలవలెననియు అందులో ఉన్నది.

ఈ 0.6 టీఎంసీలు ఎంత శాతం? బాబ్లీ సామర్థ్యంలో చూచినచో 0.6ను 2.74తో భాగించి నూటితో గుణించగా సుమారు 21.9 శాతం. దిగువనున్న శ్రీరామసాగర్ ప్రాజెక్టు మొదటి సామర్థ్యం 112 టీఎంసీలు. అందులో చూచినచో అదే నీరు సుమారు 0.54 శాతం మాత్రమే. నీరు ఒక్కటే, శాతాలు రెండు. ఎగువ రైతుకు అది అయిదవ వంతుకు మించిన నష్టంగా, దిగువ రైతుకు నూటికి ఒకటైనా కాని లాభంగా తోచును. ఇద్దరి లెక్కా సరియైనదే, ఆధారం మాత్రం వేరు. ఆధారాలు వేరైన శాతాలను కూడుటకు గాని, సగటు తీయుటకు గాని వీలులేదు. మిశ్రమ లెక్కలన్నిటికీ ఇదే పునాది.

పూర్వుల పద్ధతి

రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహంలో మిశ్రమ లెక్కలకు ఒక ప్రత్యేక అధ్యాయమే కలదు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేసెను. 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతిలోనూ సువర్ణ గణితం ఉన్నది. నాడు బంగారం మేలిమిని వర్ణాలలో, అనగా వన్నెలలో, కొలిచెడివారు. మేలిమి బంగారానికి పదహారు వన్నెలు. నేటికీ తెలుగువారు "పదహారు వన్నెల బంగారం" అనుట ఆ కొలత మిగిల్చిన గుర్తే.

పూర్వులు చెప్పిన సూత్రం సులభం. ప్రతి ముక్క బరువును దాని వన్నెతో గుణించి, లబ్ధాలను కూడి, మొత్తం బరువుతో భాగించవలెను. 12 వన్నెల బంగారం 2 తులాలు, 15 వన్నెలది 4 తులాలు కరిగించినచో 24, 60 కూడి 84. దానిని 6తో భాగించగా 14 వన్నెలు. 12కు, 15కు సగటు తీసి పదమూడున్నర అన్నచో తప్పు. ఎక్కువ బరువున్న ముక్క ఫలితాన్ని తన వైపు లాగుకొనును.

సమీకరణం కట్టు విధం

తెలియని రాశికి నేటి పుస్తకాలు ఆంగ్లాక్షరం ఎక్స్ వాడును. భాస్కరుడు "యావత్తావత్" అను మాటలోని "యా" వాడెను. ఇచట కూడ "యా" అనియే వ్రాయుదము.

1. అడిగిన రాశిని యా అనుకొనవలెను.
2. ప్రతి భాగానికి పరిమాణం, శాతం, రెంటి లబ్ధం అని మూడు గళ్లు గీయవలెను.
3. లబ్ధాల గడిని మాత్రమే కూడవలెను. శాతాల గడిని కూడరాదు.
4. కలుపక ముందున్న పదార్థం, కలిపిన పిదప ఉన్న పదార్థం సమానమని వ్రాయవలెను.
5. వచ్చిన జవాబును లెక్కలో పెట్టి సరిచూడవలెను.

మొదటి ఉదాహరణ: పాలు

6 శాతం వెన్న గల పాలను, 3 శాతం గల పాలను కలిపి 4 శాతం గల 60 కిలోల పాలు చేయవలెను. మొదటి రకం యా కిలోలైనచో రెండవది (60 – యా) కిలోలు.

6 యా + 3 (60 – యా) = 4 × 60
3 యా + 180 = 240
యా = 20

మొదటి రకం 20 కిలోలు, రెండవది 40 కిలోలు. సరిచూచినచో మొదటి దానిలో వెన్న 1.2 కిలోలు, రెండవ దానిలోనూ 1.2 కిలోలు, వెరసి 2.4 కిలోలు, అది 60లో 4 శాతమే. రెండింటినీ సమానంగా కలిపినచో మాత్రమే 6కు, 3కు సగటైన 4.5 శాతం వచ్చును. వెన్న శాతాన్ని బట్టి ధర కట్టు చోట ఈ అర శాతపు తేడా పాలు పోయువాని చేతికి వచ్చు రూపాయలను మార్చివేయును.

రెండవ ఉదాహరణ: నగ

18 క్యారెట్ల పాత నగ 20 గ్రాములున్నది. 24 క్యారెట్ల బంగారం ఎంత కలిపినచో అది 22 క్యారెట్లగును?

18 × 20 + 24 యా = 22 (20 + యా)
360 + 24 యా = 440 + 22 యా
యా = 40

20 గ్రాముల నగకు 40 గ్రాముల మేలిమి కావలెను! నమ్మశక్యం కాకున్నచో మారని భాగాన్ని చూడవలెను. పాత నగలో నాలుగవ వంతు, అనగా 5 గ్రాములు, రాగి మొదలగు ఇతర లోహం. మేలిమి ఎంత చేర్చినను ఆ 5 గ్రాములు తగ్గవు. 22 క్యారెట్లలో ఇతర లోహం పన్నెండవ వంతు. 5 గ్రాములు పన్నెండవ వంతు కావలెనన్న మొత్తం 60 గ్రాములుండవలెను. "నాలుగు క్యారెట్లేగదా, కొద్దిగా కలుపుదము" అన్న మాటకు తలయూపు ముందు ఈ లెక్క వేసికొనుట మేలు.

మూడవ ఉదాహరణ: చేతుల శుద్ధి ద్రవం

2020లో కరోనా వ్యాపించినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం పలుచోట్ల శానిటైజర్ తయారైనది. 96 శాతం ఇథనాల్‌తో 80 శాతం గల 10 లీటర్ల ద్రవం చేయవలెను. ఇతర భాగాలలో ఇథనాల్ లేదు గనుక వాటి శాతం సున్న.

96 యా = 80 × 10,000
యా = 8,333 మిల్లీలీటర్లు

ఆ సూత్రంలో ఇచ్చిన అంకె సరిగా ఇదే. ఇచట ఒక మెలకువ కలదు. నీరు, ఇథనాల్ కలిపినప్పుడు ఘనపరిమాణం కొంత కుంచించుకొనును. అందుచేతనే నీటిని విడిగా కొలిచి పోయుమనక, మొత్తం 10 లీటర్ల గుర్తు వచ్చువరకు పోయుమనిరి. బరువులు ఎల్లప్పుడు కూడికకు లొంగును. ఘనపరిమాణాలు ఒక్కొక్కప్పుడు లొంగవు.

తరచుగా జరుగు తప్పులు

40 లీటర్ల పాలలో 10 శాతం నీరున్నది. దానిని 20 శాతం చేయుటకు ఎంత నీరు కలుపవలెను? "మరి పది శాతం, అనగా 4 లీటర్లు" అని పలువురు వ్రాయుదురు. అప్పుడు మొత్తం 44 లీటర్లగును. నీరు 8 లీటర్లు, అది సుమారు 18.2 శాతమే. నీరు చేర్చినకొద్దీ ఆధారం కూడ పెరుగును. మారనివి 36 లీటర్ల అసలు పాలు. అవి కొత్త మొత్తంలో 80 శాతం కావలెను గనుక మొత్తం 45 లీటర్లు, కలుపవలసిన నీరు 5 లీటర్లు.

మరియొక తప్పు జవాబును పరీక్షింపకుండుట. మిశ్రమం శాతం ఎప్పుడును రెండు భాగాల శాతాల నడుమనే ఉండును. 6 శాతం, 3 శాతం పాలతో 7 శాతం పాలు 60 కిలోలు చేయుమన్నచో సమీకరణం ఒక రకం 80 కిలోలు, రెండవది ఋణ 20 కిలోలు అని చెప్పును. కూడికలో తప్పు లేదు. చేయరాని పనిని చేయుమన్నారని సమీకరణం చెప్పు తీరు అది.

వన్నె అన్నను, శేకడా అన్నను, శాతం అన్నను విద్యార్థి మొదట వేయవలసిన ప్రశ్న ఒక్కటే: దేనిలో? దానికి జవాబు దొరికినచో మిగిలినది కూడిక, భాగహారం మాత్రమే.