గోలందా ఎక్కడుంది?



మా ఇంట్లో రేకుపెట్టెలో ఒక పాత నోటుబుక్కు ఉంది. మా ముత్తాత అస్సాం తేయాకు తోటకి కూలికి వెళ్లొచ్చిన దారి అందులో ఉంది. ముత్తాతకి చదువు రాదు. ముసలితనంలో అతను చెప్తుంటే పెదతాత రాశాడు. పెదతాత చదివింది అయిదో తరగతి వరకే. తారీకులు లేవు, ఊళ్ల పేర్లే ఉన్నాయి: సాలూరు, బొబ్బిలి, ఇజినారం, పలాస, బరంపురం, కటకం, కలకత్తా, గోలందా. ఆ తర్వాత "పొగ ఓడ, చాలా రోజులు".

గోలందా దగ్గర నేను ఆగిపోయాను. ఇండియా మ్యాపులో ఎంత వెతికినా దొరకలేదు. దొరకదు మరి, అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది! పేరు గోవాలందో. కలకత్తా నుంచి రైల్లో అక్కడిదాకా తీసుకెళ్లి, స్టీమరెక్కించి, బ్రహ్మపుత్ర మీద ఎగువకి కూలీలను తోటలకి తరలించేవారు.

ఏ కాలంలో వెళ్లాడో కూడా పుస్తకమే చెప్పింది. సాలూరులోనే రైలెక్కాడు. సాలూరుకి రైలు వచ్చింది 1913లో. గోలందా మీదుగా వెళ్లాడంటే 1947లో దేశం విడిపోకముందే. ఇంకొక మాట ఉంది, "మూడేళ్లు నిండాక కంపెనీవోళ్లే టికెట్టు ఇచ్చి పంపారు" అని. మూడేళ్లయ్యాక తోట ఖర్చుతో ఇంటికి తిరిగొచ్చే హక్కు 1932 చట్టంతోనే వచ్చింది. కాబట్టి ఆ తర్వాతే అనుకుంటున్నాను.

మొన్న ఆదివారం ఆ దారిలో నాకు చేతనైనంత నడిచాను, మా కొండ నుంచి సాలూరు వరకు. తెల్లారగట్ల బయలుదేరితే మధ్యాహ్నం దాటింది. ముత్తాత గంజి తాగిన చింతచెట్టు ఇప్పుడు లేదు. నా చేతిలో ఫోను, బిస్కెట్లు ఉన్నాయి. అతని వెంట తమ్ముడున్నాడు.

ఆ తమ్ముడు తిరిగి రాలేదు. "తమ్ముడు అక్కడే పెళ్లాడాడు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు పెదతాత.

నన్ను పట్టుకున్నది ఆ ముక్కే. మేం సవరలం. ఇక్కడ ఎస్టీలం, ఆ సర్టిఫికెట్టు వల్లే నాకు హాస్టల్లో సీటొచ్చింది, డిగ్రీ దాకా వచ్చాను. అస్సాం తోటల్లో ఉన్న సవరలు, కోంధులు అక్కడి ఎస్టీ జాబితాలో లేరు, ఓబీసీలో పెట్టారు. ఎస్టీ హోదా ఇమ్మని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ తమ్ముడి మునిమనవడు నా వయసువాడు ఉంటే, మా ఇద్దరికీ తేడా ఒక్క రైలు టికెట్టే కదా?

మీ ఇళ్లలో కూడా "చాయ్ తోటకి పోయినోళ్లు" అని ముసలోళ్లు అంటుంటే, ఏ స్టేషన్లో ఎక్కారో, ఎవరు తీసుకెళ్లారో అడిగి ఇక్కడ రాయండి. మా పుస్తకంలో తమ్ముడి పేరు లేదు. దసరా సెలవులకి వెళ్లినప్పుడు నానమ్మని అడగాలి.