కొరివి దెయ్యానికి కాంగ్రెస్‌లో విచారణ

చెరువు గట్టున కొరివి దెయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే మన ఊళ్లో రచ్చబండ దగ్గర నవ్వి ఊరుకుంటారు. అమెరికాలో అలా కాదు. 2023 జూలైలో డేవిడ్ ఫ్రేవర్ అనే మాజీ నౌకాదళ పైలట్ చేత కాంగ్రెస్ ఉపసంఘం ప్రమాణం చేయించి మరీ సాక్ష్యం తీసుకుంది. 2004లో శాన్‌డియాగో తీరానికి దూరంగా, రెక్కల్లేని తెల్లటి మాత్రలాంటి వస్తువును సముద్రం మీద చూశానని ఆయన చెప్పారు. ఇంత సైన్సు తెలిసిన దేశానికి ఇదేం పిచ్చి అనిపిస్తుంది. చరిత్ర తిరగేస్తే, గుట్లు దాచే ప్రభుత్వాన్ని జనం నమ్మలేకపోవడమే ఇందులో ఎక్కువని తెలుస్తుంది.

1948 జనవరి 7 మధ్యాహ్నం కెంటకీలో కెప్టెన్ థామస్ మాంటెల్ మెరుస్తున్న పెద్ద వస్తువును తరుముతూ, ఆక్సిజన్ లేకుండా 20,000 అడుగులు దాటి పైకెళ్లాడు. విమానం కూలిపోయింది. పాతికేళ్లవాడు. వైమానిక దళం శుక్రగ్రహం అంది. నౌకాదళం రహస్యంగా వదిలే స్కైహుక్ బెలూన్ అయ్యుంటుందన్న మాట ఆ తర్వాత ఎప్పుడో బయటికొచ్చింది. 1955 నుంచి యూ-2 గూఢచారి విమానాలు 60,000 అడుగుల పైన ఎగిరాయి. కింద పొద్దుగూకినా వాటి వెండి రెక్కలకు ఇంకా ఎండ తగులుతూ ఉండేది; ఎంతో దిగువన ఎగిరే ప్రయాణికుల విమానాల పైలట్లకు అవి నిప్పుల్లా కనబడేవి. ఆకాశంలో కనబడే వింత వస్తువుల మీద ఫిర్యాదులు చూసే వైమానిక దళపు ‘బ్లూబుక్’ సిబ్బంది అసలు సంగతి తెలిసీ మంచు స్ఫటికాలని చెప్పేవారని సీఐఏ సొంత పత్రికలోనే ఒక చరిత్రకారుడు 1997లో రాశాడు. ఆ రోజుల ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇవేనని కూడా అన్నాడు. ఆ లెక్క మాత్రం నాకు ఎక్కువే అనిపిస్తుంది. గట్టు పక్కన దొంగసారా కాసేవాడు దెయ్యాన్ని పుట్టించడు, కానీ ఉందంటే కాదనడు. జనం అటు రాకపోతే వాడికి అంతకన్నా ఏం కావాలి?

పైలట్లు శిక్షణ పొందినవాళ్లు కదా, వాళ్ల కళ్లనూ నమ్మకూడదా అనొచ్చు. వస్తువు ఎంత పెద్దదో తెలిస్తేనే కన్ను దాని దూరాన్ని పట్టగలదు. దూరం తప్పితే వేగమూ తప్పుతుంది. 2015లో నౌకాదళ విమానం నుంచి తీసిన ‘గో ఫాస్ట్’ వీడియోలో అలల మీద దూసుకుపోతున్నట్టున్న వస్తువు నిజానికి 13,000 అడుగుల ఎత్తున, గంటకు సుమారు 40 మైళ్ల వేగంతో వెళ్తోందని 2023లో నాసా నిపుణుల సంఘం లెక్కగట్టింది. కనబడిన జోరు చాలావరకు కెమెరా ఉన్న విమానానిదే. ఫ్రేవర్ చూసినదాన్ని ఇలా తేల్చెయ్యలేం. తోటి పైలట్లూ చూశారు, ఆ రోజుల్లో యుద్ధనౌక రాడార్‌కూ ఏవో చిక్కాయి. అయితే జవాబు దొరకనంత మాత్రాన వేరే గ్రహం నుంచి వచ్చినట్టు కాదు. 1969లో మూతపడ్డ బ్లూబుక్ 12,618 నివేదికల్లో 701 తేలనివిగా మిగిలాయి. ఫ్రేవర్ చూసినదాన్నీ నేను ఆ పద్దు కిందే రాస్తాను.