జవాబు కన్నా ముందు ప్రశ్న

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం. చిన్న గదిలో బల్ల చుట్టూ 10 మంది వైద్య విద్యార్థులు, వాళ్లలో మీరొకరు. ఇక్కడ ఉపన్యాసం ఉండదు. చేతిలో ఒక కాగితం ఉంది: రక్తపు చుక్కను స్వచ్ఛమైన నీళ్లలో వేస్తే ఎర్రకణాలు ఉబ్బి పగిలిపోతున్నాయి, చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తే ముడుచుకుపోతున్నాయి. ఎందుకు?

చర్చను నడిపేదీ, బోర్డు మీద రాసేదీ విద్యార్థులే. తెలియని మాటలు తేల్చుకుని, సమస్యేమిటో నిర్ణయించుకోగానే ఊహలు మొదలయ్యాయి.

"కణం పొర నీళ్లను లోపలికి రానిస్తోంది."

"మరి ఉప్పునీళ్లలో లోపలి నీళ్లు బయటికెందుకు పోతున్నాయి?"

మీరు ట్యూటర్ వైపు చూస్తారు. ఆవిడ జవాబు చెప్పరు. "నీళ్లు ఎటు పోవాలో నిర్ణయించేది ఏది?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఊహలన్నీ బోర్డు మీద ఒక వరుసలోకి వస్తాయి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఈ పద్ధతిలోని ఏడు మెట్లలో ఐదు పూర్తయ్యాయి. ఆరోది ఎవరికివారు చదువుకోవడం. ఏడోది తిరిగొచ్చి ఒకరికొకరు వివరించుకోవడం.

సాయంత్రం గ్రంథాలయంలో ద్రవాభిసరణ పాఠం తెరుస్తారు. లవణం ఎక్కువున్న వైపుకే నీళ్లు పొరను దాటుతాయన్న వాక్యం దగ్గర మీ కళ్లు ఆగిపోతాయి. పొద్దుటి నుంచి వెతుకుతున్నది ఇదే! పరిశోధకుడు హెంక్ ష్మిట్ బృందం ఇదే రక్తకణాల సమస్యతో చేసి 1989లో ప్రచురించిన ప్రయోగంలోనూ, ముందు చర్చించి తర్వాత పాఠం చదివినవాళ్లకే అది ఎక్కువ గుర్తుంది.

సమస్యతో మొదలయ్యే ఈ చదువుకు దారులు వేరువేరు. 1969లో 20 మంది విద్యార్థులతో మొదలైన కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య పాఠశాలలో బల్ల మీదికొచ్చేది రోగి కథ. దాన్ని పట్టుకునే శరీర శాస్త్రమూ రోగ నిర్ధారణా నేర్చుకుంటారు. 1974లో తెరుచుకున్న డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయంలో సమస్యను వెతికి పట్టుకోవలసిందీ విద్యార్థుల బృందమే. సెమిస్టర్ పొడుగునా దానిమీదే ప్రాజెక్టు.

మళ్లీ అదే గది. ఈసారి బోర్డు దగ్గర మీరున్నారు. పొరను గీసి వివరిస్తుంటే పక్కనున్నవాళ్లు తర్కంలో లొసుగు పట్టుకుంటారు, మీరు సరిదిద్దుకుంటారు. ట్యూటర్ ఇంకా వింటూనే ఉన్నారు. సమస్యను కాగితం తెచ్చినా, రోగి తెచ్చినా, విద్యార్థులే తెచ్చుకున్నా, జవాబు తెలిసిన ఉపాధ్యాయురాలు పట్టే ఈ ఓపికే ఈ చదువుకు ప్రాణం.